అదే తప్పు, రాష్ట్రం మారితే మారే శిక్ష: అమెరికా ‘మిస్‌డిమీనర్’ లెక్కలు

క్లుప్తంగా: అమెరికాలో చిన్న నేరాలను మిస్‌డిమీనర్లు అంటారు. ఏది చిన్న నేరమో, దానికి ఎంత శిక్ష వేయవచ్చో ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే నిర్ణయించుకుంటుంది. ఒకచోట జరిమానాతో పోయేది మరోచోట ఐదేళ్ల జైలు దాకా వెళ్తుంది. వీసాలు, గ్రీన్ కార్డుల వ్యవహారం చూసే ఫెడరల్ ప్రభుత్వం మాత్రం రాష్ట్రాలు పెట్టిన పేరును పట్టించుకోదు. ఆ సెక్షన్ కింద గరిష్ఠంగా ఎంత శిక్ష వేయవచ్చో చూస్తుంది. ఒక్కోసారి కేసు తేలకముందే వీసా పోతుంది.

అమెరికా షాపుల్లో సరుకు ఎత్తుకెళ్తూ మనవాళ్లు పట్టుబడిన వీడియోలు తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో తరచూ తిరుగుతూనే ఉన్నాయి. 2025 జులైలో భారత్‌లోని అమెరికా రాయబార కార్యాలయమే స్వయంగా హెచ్చరించింది. దాడి, దొంగతనం వంటి నేరాలకు పాల్పడితే వీసా రద్దు కావచ్చని, ఇకముందు వీసా రాకుండా పోవచ్చని చెప్పింది. అప్పటి నుంచి రెండు రకాల మాటలు వినిపిస్తున్నాయి. ‘అది ఫెలనీ (పెద్ద నేరం) కాదు, మిస్‌డిమీనరే, ఫైన్ కట్టేస్తే అయిపోతుంది’ అనేది మొదటిది. ‘పట్టుబడితే చాలు, విమానం ఎక్కించేస్తారు’ అనేది రెండోది. రెండింట్లోనూ సగం నిజమే ఉంది. మిగతా సగం ఏ రాష్ట్రంలో పట్టుబడ్డారు, ఏ సెక్షన్ పెట్టారు, కోర్టులో ఏమని ఒప్పుకున్నారు అనే వాటి మీద ఆధారపడుతుంది.

## 250 డాలర్ల సరుకు, హడ్సన్‌కు అటూ ఇటూ

ఒకరు సెల్ఫ్ చెకౌట్ దగ్గర 250 డాలర్ల సరుకు స్కాన్ చేయకుండానే సంచిలో వేసుకుని తలుపు దాటారనుకుందాం. ఇదే మొదటిసారి, పాత కేసులేమీ లేవు.

షాపు న్యూయార్క్‌లోని మన్‌హటన్‌లో ఉంటే ఇది ‘పెటిట్ లార్సెనీ’, అంటే క్లాస్ ‘ఏ’ మిస్‌డిమీనర్. సరుకు విలువ 1,000 డాలర్లు దాటితేగానీ అక్కడ ఫెలనీ కాదు. గరిష్ఠ శిక్ష 364 రోజుల జైలు, లేదా 1,000 డాలర్ల జరిమానా.

హడ్సన్ నది కింద నుంచి రైల్లో కొద్ది నిమిషాలు ప్రయాణిస్తే జెర్సీ సిటీ వస్తుంది. అక్కడ లెక్క పూర్తిగా వేరు. న్యూజెర్సీలో షాప్‌లిఫ్టింగ్ విలువ 200 డాలర్లకు చేరగానే అది ‘ఫోర్త్ డిగ్రీ క్రైమ్’ అవుతుంది. గరిష్ఠ శిక్ష 18 నెలలు. పైగా మొదటిసారైనా శిక్ష పడితే కనీసం పది రోజుల సామాజిక సేవ తప్పనిసరి. న్యూజెర్సీ ఫెలనీ అనే మాట వాడదు గానీ, మిగతా రాష్ట్రాలు ఫెలనీ అనేది దాదాపు దీన్నే. ఎడిసన్, జెర్సీ సిటీ చుట్టుపక్కల తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో తెలిసినదే. దొంగతనాన్ని పెద్ద నేరంగా మార్చే విలువ పరిమితి దేశంలోకెల్లా తక్కువ ఉన్న రాష్ట్రం కూడా న్యూజెర్సీయే.

అదే సంచితో ఫిలడెల్ఫియాలో పట్టుబడితే? పెన్సిల్వేనియాలో 150 డాలర్ల లోపు సరుకు మొదటిసారి దొంగిలిస్తే ‘సమ్మరీ అఫెన్స్’ అనే అతి చిన్న కేసు. 150 తాకితే మొదటి డిగ్రీ మిస్‌డిమీనర్. ఆ తరగతికి గరిష్ఠ శిక్ష ఐదేళ్లు, జరిమానా 10,000 డాలర్ల దాకా. డాలస్‌లో అయితే క్లాస్ ‘బి’ మిస్‌డిమీనర్, 180 రోజులు, 2,000 డాలర్లు. లాస్ ఏంజెలెస్‌లో ఆరు నెలలు, 1,000 డాలర్లు. వర్జీనియాలో క్లాస్ 1 మిస్‌డిమీనర్, 12 నెలలు, 2,500 డాలర్లు.

ఇక్కడొక వింత గమనించాలి. పెన్సిల్వేనియాలో దీన్ని ‘చిన్న నేరం’ అంటూనే చట్టం ఐదేళ్ల దాకా అవకాశమిచ్చింది. న్యూజెర్సీ దీన్ని పెద్ద నేరాల జాబితాలో పెట్టి ఏడాదిన్నరతో ఆపింది. కేసు బరువు పేరును బట్టి తేలదనడానికి ఈ రెండు పొరుగు రాష్ట్రాలే సాక్ష్యం.

## ఒకే దేశంలో ఇన్ని శిక్షాస్మృతులా?

భారత్‌లో పెరిగినవారికి ఇది కొరుకుడు పడదు. హైదరాబాద్‌లో సెల్‌ఫోన్ కొట్టేసినా, పట్నాలో కొట్టేసినా వర్తించేది ఒకే భారతీయ న్యాయ సంహిత. రాష్ట్రాలు అక్కడక్కడా సవరణలు చేసుకున్నా మూలం ఒక్కటే. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ చట్టంలో దొంగతనానికి మూడేళ్ల దాకా జైలు ఉంది. వస్తువు విలువ 5,000 రూపాయల లోపు ఉండి, మొదటిసారి దొరికి, సొత్తు తిరిగి ఇచ్చేస్తే సామాజిక సేవతో సరిపెడతారు. మన దగ్గర నేరాలను పోలీసులు వారెంట్ లేకుండా పట్టుకోవచ్చా లేదా, బెయిల్ హక్కుగా వస్తుందా రాదా అనే లెక్కన విడదీస్తారు. అమెరికాలో ముఖ్యంగా చూసేది ఎంతకాలం జైల్లో పెట్టవచ్చన్నది.

అమెరికా రాజ్యాంగం ప్రకారం సాధారణ నేరాలపై చట్టం చేసే అధికారం రాష్ట్రాలది. మర్డర్ నుంచి సీట్ బెల్ట్ దాకా అన్నీ వాటి చేతిలోనివే. ఫెడరల్ ప్రభుత్వానికి వేరే శిక్షాస్మృతి ఉన్నా, అది ఫెడరల్ చట్టాలను ఉల్లంఘించినప్పుడు, ఫెడరల్ స్థలాల్లో నేరాలు జరిగినప్పుడు ముందుకొస్తుంది. అందుకే యాభై రాష్ట్రాలకు యాభై శిక్షాస్మృతులు ఉన్నాయి.

ఫెలనీ, మిస్‌డిమీనర్ అనే విభజన ఇంగ్లండ్ పాత చట్టాల నుంచి వచ్చింది. అప్పట్లో ఫెలనీ అంటే ఉరిశిక్ష, ఆస్తి జప్తు. మిగతావన్నీ మిస్‌డిమీనర్లు. ఇంగ్లండ్ 1967లో ఈ తేడానే ఎత్తేసింది. అమెరికా మాత్రం వదల్లేదు. న్యాయ నిపుణుల సంస్థ అమెరికన్ లా ఇన్‌స్టిట్యూట్ 1962లో ఒక నమూనా శిక్షాస్మృతి తయారుచేసింది. మిస్‌డిమీనర్‌కు గరిష్ఠంగా ఏడాది, అంతకంటే చిన్న నేరానికి 30 రోజులు ఉండాలని సూచించింది. తర్వాతి రెండు దశాబ్దాల్లో చాలా రాష్ట్రాలు దాన్ని ముందు పెట్టుకుని చట్టాలు తిరగరాసుకున్నాయి. అయితే ఎవరికి నచ్చింది వారు తీసుకున్నారు, నచ్చనిది వదిలేశారు. ఈ గజిబిజిలో చాలా భాగం అక్కడి నుంచి వచ్చిందే.

‘ఏడాది’ అనే గీతకు పాలనాపరమైన కారణం కూడా ఉంది. ఏడాదిలోపు శిక్ష పడినవారిని చాలాచోట్ల షెరిఫ్ అనే స్థానిక పోలీసు అధికారి నడిపే కౌంటీ (మన జిల్లా వంటిది) జైల్లో ఉంచుతారు. అంతకు మించితే రాష్ట్ర ప్రిజన్‌కు పంపుతారు. మనం రెండింటినీ జైలనే అంటాం గానీ, అమెరికా చట్టంలో అవి వేర్వేరు.

## అక్షరాలు, అంకెలు, అసలు పేరే లేనివి

టెక్సాస్, న్యూయార్క్, ఇల్లినాయ్ వంటివి అక్షరాలు వాడతాయి. టెక్సాస్‌లో క్లాస్ ‘ఏ’కి ఏడాది, 4,000 డాలర్లు. క్లాస్ ‘సి’కి జైలే లేదు, 500 డాలర్ల దాకా జరిమానా మాత్రమే. అలాగని క్లాస్ ‘సి’లో అరెస్టు ఉండదనుకుంటే పొరపాటు. టెక్సాస్‌లోని లాగో విస్టాలో 1997లో ఒక మహిళ తను సీట్ బెల్ట్ పెట్టుకోకుండా, పిల్లలకు పెట్టకుండా బండి నడిపింది. ఆ తప్పుకు గరిష్ఠ జరిమానా 50 డాలర్లు. అయినా పోలీసు సంకెళ్లు వేసి స్టేషన్‌కు తీసుకెళ్లాడు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అరెస్టు రాజ్యాంగబద్ధమేనని 2001లో తీర్పు వచ్చింది. జరిమానా మాత్రమే ఉన్న నేరానికి కూడా వేలిముద్రలు, ఫొటోలతో పోలీసు రికార్డు తయారవుతుందన్నమాట. వీసా దరఖాస్తులో ‘ఎప్పుడైనా అరెస్టయ్యారా?’ అనే ప్రశ్న దగ్గర ఈ విషయం అక్కరకొస్తుంది.

వర్జీనియా అంకెలు వాడుతుంది. క్లాస్ 1, 2లకు జైలు ఉంది. 3, 4లకు జరిమానాయే. వాషింగ్టన్ రాష్ట్రంలో మామూలు మిస్‌డిమీనర్‌కు 90 రోజులు, ‘గ్రాస్ మిస్‌డిమీనర్’కు 364 రోజులు. మిన్నెసోటాలో వీటికి తోడు ‘పెటీ మిస్‌డిమీనర్’ ఉంది. పేరులో మిస్‌డిమీనర్ ఉన్నా అక్కడి చట్టం దాన్ని నేరంగానే లెక్కించదు.

నార్త్ కరోలినా పద్ధతి మరో రకం. క్లాస్‌తో పాటు పాత శిక్షలు ఎన్ని ఉన్నాయో చూసి, రెండూ కలిపిన పట్టిక ప్రకారం శిక్ష వేస్తారు. అత్యంత తీవ్రమైన ‘ఏ1’ తరగతిలోనూ 150 రోజులకు మించదు. దాని పక్కనున్న సౌత్ కరోలినాలో క్లాస్ ‘ఏ’ మిస్‌డిమీనర్‌కు మూడేళ్ల దాకా వేయవచ్చు.

అసలు గీత దాటినవి మేరీలాండ్, మసాచుసెట్స్. మేరీలాండ్‌లో రెండో డిగ్రీ దాడి, అంటే మామూలు చేయిచేసుకోవడం కూడా, మిస్‌డిమీనరే. కానీ శిక్ష పదేళ్ల దాకా ఉంది. మసాచుసెట్స్‌లో రాష్ట్ర ప్రిజన్‌కు పంపే వీలు లేని నేరమంతా మిస్‌డిమీనర్. దానివల్ల కౌంటీ స్థాయిలో రెండున్నరేళ్ల శిక్ష పడే అవకాశం ఉన్నవి కూడా ఆ గొడుగు కిందికే వస్తాయి.

న్యూజెర్సీ, మెయిన్ రాష్ట్రాలు ఈ రెండు మాటలనే పక్కన పెట్టాయి. మెయిన్‌లో ‘ఏ’ నుంచి ‘ఇ’ దాకా ఐదు తరగతులు. న్యూజెర్సీలో పెద్దవి ‘క్రైమ్’లు, చిన్నవి ‘డిసార్డర్లీ పర్సన్స్ అఫెన్స్’లు. చిన్నవాటికి గరిష్ఠం ఆరు నెలలు. ఈ ఆరు నెలల వెనకాల లెక్క ఉంది. ఆరు నెలలకు మించి శిక్ష పడే కేసులో జ్యూరీ విచారణ హక్కు ఉంటుందని అమెరికా సుప్రీంకోర్టు 1970లో తేల్చింది. ఆరు నెలల దగ్గర ఆపితే జ్యూరీ అక్కర్లేదు. మున్సిపల్ కోర్టులో ఒక్క జడ్జి విని తేల్చేయవచ్చు.

## డాలర్ల గీత జరుగుతూనే ఉంటుంది

దొంగతనం కేసుల్లో మిస్‌డిమీనర్‌ను ఫెలనీ నుంచి వేరు చేసేది వస్తువు విలువ. టెక్సాస్‌లో ఈ గీత 2,500 డాలర్లు, కాలిఫోర్నియాలో 950, ఇల్లినాయ్ షాపుల్లో 300. జార్జియాలో మామూలు దొంగతనానికి 1,500 డాలర్లున్నా, షాపులో ఎత్తుకెళ్తే 500 దాటగానే ఫెలనీ కింద చూడవచ్చు. వర్జీనియా 2020లో తన పరిమితిని 1,000కి పెంచింది. మసాచుసెట్స్ 2018లో 250 నుంచి ఏకంగా 1,200కి తీసుకెళ్లింది.

ధరలు పెరిగేకొద్దీ గీత జరపకపోతే చట్టం దానంతటదే కఠినమవుతుంది. ఎప్పుడో 200 డాలర్లకు సంచులు నిండేవి. ఇప్పుడు రెండు జతల బూట్లకే ఆ లెక్క దాటుతుంది. గీత జరిపితే ‘దొంగలకు లైసెన్సు ఇచ్చారు’ అనే విమర్శ వస్తుంది. కాలిఫోర్నియాలో రెండూ జరిగాయి. 2014లో నేరుగా ఓటుకు పెట్టిన చట్ట ప్రతిపాదన ప్రపోజిషన్ 47ను ఓటర్లు ఆమోదించారు. దాంతో 950 డాలర్ల లోపు దొంగతనాలు చాలావరకు మిస్‌డిమీనర్లయ్యాయి. పదేళ్ల తర్వాత, 2024 నవంబరులో, అదే ఓటర్లు ప్రపోజిషన్ 36కు ఓటేశారు. ఇప్పుడు దొంగతనం కేసుల్లో ఇప్పటికే రెండుసార్లు శిక్ష పడినవారు మళ్లీ దొరికితే, వస్తువు విలువ ఎంత తక్కువైనా ఫెలనీ పెట్టవచ్చు.

కాలిఫోర్నియాలో ‘వాబ్లర్’ అనే ఇంకో రకముంది. ఒకే నేరాన్ని ఫెలనీగానూ, మిస్‌డిమీనర్‌గానూ నడపవచ్చు. ముందు ప్రాసిక్యూటర్, తర్వాత జడ్జి అది ఎటు పోవాలో తేలుస్తారు.

## కాగితం మీద శిక్ష, కోర్టులో శిక్ష

పైన చెప్పినవన్నీ గరిష్ఠ శిక్షలు. మొదటిసారి పట్టుబడిన వ్యక్తికి నిజంగా జైలు పడటం అరుదు. ఎక్కువ కేసులు ప్రొబేషన్ (జైలుకు బదులు కోర్టు పర్యవేక్షణలో ఉండటం), జరిమానా, సామాజిక సేవ, దొంగతనం మానిపించే క్లాసులతో ముగుస్తాయి. జరిమానా వంద డాలర్లయితే కోర్టు ఫీజులు, ప్రొబేషన్ ఫీజులు దాన్ని ఎన్నో రెట్లు చేస్తాయి. లాయరు ఖర్చు సరేసరి. షాపువాళ్లు విడిగా పరిహారం కోరుతూ ఉత్తరం పంపడమూ మామూలే. అది సివిల్ వ్యవహారం. ఆ డబ్బు కట్టినంత మాత్రాన క్రిమినల్ కేసు పోదు.

కేసు ముగిసే తీరులోనూ రాష్ట్రానికో పద్ధతి ఉంది. ఇమిగ్రేషన్ కోణంలో అతి ముఖ్యమైన తేడా ఇదే. న్యూయార్క్‌లో చిన్న కేసులను సాధారణంగా ఆరు నెలలు పక్కన పెడతారు. ఆలోగా కొత్త గొడవలేమీ లేకపోతే కేసు కొట్టేస్తారు. నిందితుడు నేరం ఒప్పుకోవాల్సిన పని లేదు. టెక్సాస్‌లో ‘డిఫర్డ్ అడ్జుడికేషన్’ అనేది ఉంది. ముందు నేరం ఒప్పుకోవాలి, లేదా అభ్యంతరం లేదనాలి. తర్వాత ప్రొబేషన్ సవ్యంగా పూర్తి చేస్తే కోర్టు కేసు కొట్టేస్తుంది. టెక్సాస్ దృష్టిలో ఆ వ్యక్తికి శిక్ష పడనట్టే.

ఫెడరల్ ఇమిగ్రేషన్ చట్టం దృష్టిలో పడినట్టే. నేరం ఒప్పుకుని, కోర్టు ఏదో ఒక ఆంక్ష విధిస్తే చాలు, దాన్ని శిక్షగానే లెక్కిస్తుంది. ‘కేసు కొట్టేశారు కదా’ అనుకుని ఇండియా వచ్చి వీసా స్టాంపింగ్‌కు వెళ్లినవారికి షాక్ తగిలేది ఇక్కడే.

లాయరు విషయానికొస్తే, జైలు శిక్ష వేసే కేసులో పేద నిందితుడికి ప్రభుత్వమే లాయరును ఇవ్వాలని సుప్రీంకోర్టు 1972లో చెప్పింది. జరిమానాతో సరిపెడితే ఆ హక్కు లేదని 1979లో తేల్చింది. నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపేసే ప్రమాదముందని విదేశీయుడైన క్లయింటుకు లాయరు చెప్పి తీరాలని 2010లో పడిల్లా కేసులో తీర్పిచ్చింది. మూడూ కలిపి చూస్తే ఒక ఖాళీ కనబడుతుంది. జరిమానా కేసులో లాయరు లేకుండా కోర్టుకెళ్లి, కౌంటర్ దగ్గర డబ్బు కట్టి నేరం ఒప్పుకుని వచ్చేసిన విద్యార్థిని హెచ్చరించేవారే ఉండరు.

## ఆ ఒక్క రోజు

న్యూయార్క్‌లో 365 కాకుండా 364 రోజులు ఎందుకు? అచ్చుతప్పేమీ కాదు. ఫెడరల్ చట్టం ప్రకారం, అమెరికాలో అడుగుపెట్టిన ఐదేళ్లలోపు ‘నైతిక పతనం’ కిందికి వచ్చే నేరం చేసి, ఆ నేరానికి ఏడాది లేదా అంతకు మించి శిక్ష పడే అవకాశం ఉంటే, ఆ వ్యక్తిని దేశం నుంచి పంపేయవచ్చు. దొంగతనం సాధారణంగా ఈ కోవలోకే వస్తుంది. నిజంగా ఎన్ని రోజులు జైల్లో ఉన్నారన్నది ఇక్కడ లెక్క కాదు. గరిష్ఠంగా ఎంత వేయవచ్చన్నదే లెక్క. ఒక్క రోజూ జైలుకు వెళ్లకపోయినా, సెక్షన్‌లో ‘ఏడాది’ అని ఉంటే చిక్కే.

దీన్ని తప్పించడానికి వాషింగ్టన్ 2011లో, నెవాడా 2013లో గరిష్ఠాన్ని ఒక్క రోజు తగ్గించాయి. కాలిఫోర్నియాలో ఈ మార్పు 2015 నుంచి అమల్లోకి వచ్చింది. న్యూయార్క్, యూటా 2019లో, మిన్నెసోటా 2023లో అదే బాట పట్టాయి. పాత కేసులకూ ఇది వర్తిస్తుందని కాలిఫోర్నియా తర్వాత చట్టం చేసింది. ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు 2018లో దానికి ఒప్పుకోలేదు. శిక్ష పడిన రోజున చట్టంలో ఎంత ఉందో అదే చూస్తామంది.

వర్జీనియాలో ఇప్పటికీ 12 నెలలే. 250 డాలర్ల సరుకు కేసులో వాషింగ్టన్ రాష్ట్రంలోని సియాటిల్‌లో దొరికినవారికి, వర్జీనియాలో దొరికినవారికి మధ్య తేడా ఆ ఒక్క రోజే. మొదటివారు ఈ నిబంధన బయట, రెండోవారు లోపల.

కథ ఇక్కడితో ఆగదు. దేశం నుంచి పంపడం ఒక నిబంధన, మళ్లీ లోపలికి రానివ్వకపోవడం ఇంకో నిబంధన. రెండోదానిలో ‘పెటీ అఫెన్స్’ మినహాయింపు ఉంది. జీవితంలో ఇలాంటి నేరం అదొక్కటే అయి, దాని గరిష్ఠ శిక్ష ఏడాదికి మించకుండా, పడిన శిక్ష ఆరు నెలలు దాటకపోతే ఆ నేరాన్ని లెక్కలోకి తీసుకోరు. ఒక నిబంధన ‘ఏడాది లేదా ఎక్కువ’ అంటుంది, మరొకటి ‘ఏడాదికి మించకుండా’ అంటుంది. సరిగ్గా 12 నెలలున్న వర్జీనియా కేసు మొదటిదానిలో చిక్కుతుంది, రెండోదానిలో బయటపడుతుంది. న్యూజెర్సీ 18 నెలలు, పెన్సిల్వేనియా ఐదేళ్లు రెండింటిలోనూ చిక్కుతాయి.

## స్టీరింగ్ పట్టినా ఇదే తంతు

వర్జీనియాలో గంటకు 85 మైళ్లు దాటితే, లేదా పరిమితి కంటే 20 మైళ్లు ఎక్కువ పోతే, అది రెక్‌లెస్ డ్రైవింగ్. క్లాస్ 1 మిస్‌డిమీనర్, అంటే పైన చెప్పిన దొంగతనంతో సమాన తరగతి. చాలా రాష్ట్రాల్లో ఆ వేగానికి టిక్కెట్ రాసి పంపేస్తారు. అయితే అతివేగం సాధారణంగా నైతిక పతనం కిందికి రాదు కాబట్టి ఇమిగ్రేషన్ చిక్కు దొంగతనమంత ఉండదు.

తాగి నడపడం మరింత విచిత్రం. చాలా రాష్ట్రాల్లో మొదటిసారికే మిస్‌డిమీనర్. విస్కాన్సిన్‌లో మొదటిసారైతే సాధారణంగా నేరమే కాదు, సివిల్ జరిమానా. న్యూజెర్సీలో ట్రాఫిక్ ఉల్లంఘన. కానీ 2015 నుంచి అమెరికా విదేశాంగ శాఖ విధానం ప్రకారం, గత ఐదేళ్లలో తాగి నడిపి అరెస్టయినట్టు తెలిస్తే కాన్సులేట్ వీసాను రద్దు చేయవచ్చు. శిక్ష పడాల్సిన పని లేదు. న్యూజెర్సీలో నేరమే కాని పని, హైదరాబాద్ కాన్సులేట్ దృష్టిలో వీసా రద్దుకు సరిపోతుంది. అమెరికాలో ఉన్నవారి వీసా రద్దయినంత మాత్రాన స్టేటస్, అంటే అక్కడ చట్టబద్ధంగా ఉండే హక్కు, వెంటనే పోదు. దేశం దాటితే మాత్రం కొత్త వీసా లేకుండా తిరిగి రాలేరు.

2025 వసంతంలో ఇంకో అడుగు పడింది. పోలీసు రికార్డుల్లో పేరు కనిపించిందని వేలాది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులను (విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ కంప్యూటర్ రికార్డులను) అధికారులు ఒక్కసారిగా రద్దు చేశారు. వారిలో కేసు కొట్టేసినవారు, చిన్న ట్రాఫిక్ తప్పులున్నవారు కూడా ఉన్నారు. పలు కోర్టులు అడ్డుకోవడంతో ఏప్రిల్ చివర్లో ప్రభుత్వం వెనక్కి తగ్గి రికార్డులు పునరుద్ధరించింది. అక్కడ క్లాస్ ‘ఏ’నా, క్లాస్ ‘సి’నా అనే తేడా పని చేయలేదు. 364 రోజుల చట్టాలు కాపాడేది శిక్ష పడ్డాక వచ్చే ఒక ప్రమాదం నుంచే. అరెస్టుతోనే మొదలయ్యే చర్యలకు అవి అడ్డు కావు.

## చెరిపేసిన రికార్డు చెరిగినట్టేనా?

2018లో పెన్సిల్వేనియా ‘క్లీన్ స్లేట్’ చట్టం తెచ్చింది. కొన్నేళ్లు కొత్త కేసులు లేకపోతే కొన్ని రకాల చిన్న నేరాల రికార్డులు వాటంతటవే మరుగున పడతాయి. తర్వాత మరికొన్ని రాష్ట్రాలూ ఆ దారిలో నడిచాయి. ఉద్యోగం ఇచ్చేవారికి, ఇల్లు అద్దెకిచ్చేవారికి ఆ రికార్డు కనబడదు కాబట్టి స్థానికులకు ఇది పెద్ద ఊరట.

వీసా, పౌరసత్వ దరఖాస్తులకు ఈ ఊరట వర్తించదు. వీసా కోసం నింపే డీఎస్-160 ఫారం క్షమాభిక్ష పొందిన కేసులను కూడా అడుగుతుంది. పౌరసత్వం కోసం నింపే ఎన్-400 రికార్డు చెరిపేసిన కేసులనూ చెప్పాలంటుంది. వేలిముద్రలు ఎఫ్‌బీఐ దగ్గర ఉంటాయి. చెప్పకుండా దాచినట్టు తేలితే దొంగతనం కంటే అబద్ధం పెద్ద కేసవుతుంది. అందుకే అమెరికాలోని ఇమిగ్రేషన్ లాయర్లు కోర్టు రికార్డు మూతపడకముందే, కేసు ఎలా ముగిసిందో తెలిపే ‘సర్టిఫైడ్ డిస్పొజిషన్’ ప్రతిని తీసి దాచుకోమంటారు. ఏ సెక్షన్, ఏ తరగతి, గరిష్ఠ శిక్ష ఎంత, నేరం ఒప్పుకున్నారా లేదా అనేవి తేల్చుకోవడానికి పదేళ్ల తర్వాత అక్కరకొచ్చేది ఆ కాగితమే. రాష్ట్రం చెరిపేశాక మళ్లీ కావాలంటే చాలా కోర్టుల్లో అది దొరకదు.